వెనకగది సంగతి

తాళాలమ్మకు దేవుడంటే భయం, సైన్సంటే గౌరవం. ఈ రెంటి గురించీ మైకు పట్టుకుని మాట్లాడే మనుషులంటే మాత్రం ఒళ్లుమంట. పాతికేళ్లుగా వింటోంది మరి. అన్నేళ్లు వింటే ఎంత శాంతమూర్తికైనా తలప్రాణం తోకకు రాదా?

ఆవిడ పని సమావేశ మందిరాన్ని కనిపెట్టుకుని ఉండడం. పొద్దున్నే తలుపులు తీయాలి, హాలు ఊడ్చి తుడవాలి, కుర్చీలు వరసగా వేయాలి, మైకు సరిచూడాలి, వచ్చినవాళ్లకు టీ కాచి పోయాలి. అందరూ మాట్లాడి మాట్లాడి అలిసిపోయి ఇళ్లకు వెళ్లాక కుర్చీలు మళ్లీ దొంతర్లు పేర్చి తాళాలు వేయాలి. నడుముకు తాళాల గుత్తి గలగలమంటూ ఉంటుంది కాబట్టి తాళాలమ్మ అయింది. అసలు పేరు జీతమిచ్చే కమిటీవాళ్లకే గుర్తులేదు, మనకెందుకు. భర్త ఈ మందిరం కట్టిన తాపీమేస్త్రీల్లో ఒకడు. కట్టడం పూర్తయ్యాక ఇక్కడే కాపలాకు కుదిరాడు. ఆయన పోయాక ఉద్యోగమూ, దాంతోపాటు వెనకగదీ ఆవిడకు దక్కాయి.

వెనకగది అంటే వేదిక వెనక గోడకు ఆనించి కట్టిన ఒంటిగది. ఓ మంచం, ఓ స్టవ్వు, గుమ్మం పక్కనే కుళాయి, ఆ పక్కన స్నానాలగది. ఎక్కడానికి మెట్లు లేవు, దిగడానికీ లేవు. ఒక్కటే బాధ. ఆ గోడ కట్టింది సొంత మొగుడే అయినా, ఒంటి ఇటుకతో లేపేశాడు. వేదిక మీద మాట్లాడే ప్రతి ముక్కా మంచం మీద పడుకున్నవాళ్లకు పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు వినపడుతుంది. "ఏ లోకాన ఉన్నావో గానీ, మిగతావన్నీ క్షమిస్తాను, ఈ గోడ మాత్రం క్షమించనయ్యా" అని ఆవిడ ఆదివారాలు భర్తను తలుచుకుంటుంది.

ఆదివారాలే ఎందుకంటే, ఆ రోజు పొద్దున భక్తమండలివాళ్లు వస్తారు, సాయంత్రం హేతువాద సంఘంవాళ్లు వస్తారు. మందిరం కమిటీలో సగం వీళ్లు, సగం వాళ్లు. ఉప్పూ నిప్పూ. దేవుడి దగ్గర్నుంచి టీలో చక్కెర దాకా దేని మీదా పొసగదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: కడుపు తీయించుకోకూడదు, కడుపు రాకుండా మందులూ మాకులూ వాడకూడదు. పోనీ ఆ ఒక్కదాని మీదైనా కలిశారు కదా అని సంతోషిద్దామంటే, ఎందుకు కూడదో చెప్పే దగ్గర మళ్లీ జుట్లు పట్టుకుంటారు.

భక్తమండలి పెద్దను అందరూ దీవెనలాయన అంటారు. ఎదురొచ్చిన ప్రతివాడి నెత్తినా చెయ్యి పెట్టందే ముందుకు కదలరు. మనిషి మంచివాడే. "ప్రాణం పోసేది పైవాడు. ఇచ్చినవాడికే తీసుకునే హక్కు, పుచ్చుకున్నవాడికి కాదు. గుమ్మంలోకి వచ్చిన అతిథిని గెంటేయడం ఒక పాపం, అసలు ఎవరూ రాకుండా గుమ్మానికే అడ్డుగోడ కట్టడం ఇంకో పాపం. ఆలుమగలు ఒకటయ్యే చోట పైవాడికి కూడా కాస్త చోటుంచాలి" అని చెబుతారు. చెప్పి చెప్పి చివర కళ్లు ఒత్తుకుంటారు.

హేతువాద సంఘం పెద్ద బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. ఎవరేం చెప్పినా "ఆధారమేది?" అంటారు కాబట్టి ఆధారం మాస్టారు. "మొదటి కణం నుంచీ అది మనిషే, చింతకాయ కాదు. ఫలానా వారం దాకా మనిషి కాదు, మర్నాటి నుంచి మనిషి అని గీత గీయడానికి ఎవడి దగ్గరా ఆధారం లేదు. నోరున్నవాడి ప్రాణానికి ఒక చట్టం, లేనివాడికి ఇంకో చట్టమా? ఇహ ఆ మాత్రలంటారా, మగాడు మోయాల్సిన బాధ్యతను తీసుకెళ్లి ఆడదాని ఒంట్లో మందుగా పోయడం. సుఖం వాడికి, లాభం కంపెనీకి, తలనొప్పీ వాంతులూ ఆవిడకి" అని ఆయన వాదన. ఇందులో దేవుడి పేరు ఎవరైనా ఎత్తితే మాత్రం ఆయనకు పూనకం వస్తుంది.

రెండు సంఘాలకూ బ్యానరు ఒకటే. కొత్త గుడ్డ దండగని కమిటీ కార్యదర్శి ఒకే గుడ్డకు రెండువైపులా రాయించారు. పొద్దున "ప్రాణం దేవుడిచ్చిన వరం" కనపడుతుంది. మధ్యాహ్నం తాళాలమ్మ నిచ్చెనెక్కి తిప్పి కడితే "ప్రాణం మనిషి మొదటి హక్కు" అవుతుంది. ఈ కార్యదర్శిగారిది మేకులూ బోల్టులూ అమ్మే కొట్టు. ఏది అడిగినా "చూద్దాం" అంటారు. ఆయన పేరు మీరే ఊహించుకోవచ్చు.

ఇద్దరి ఉపన్యాసాలూ తాళాలమ్మకు కంఠతా వచ్చు. అంట్లు తోముకుంటూ దీవెనలాయన దగ్గే చోట తనూ దగ్గగలదు. ఆవిడకు వాళ్లతో పేచీ లేదు, అదే అసలు చిరాకు. కడుపు తీయించుకోవడం ఆవిడకూ ఇష్టం లేదు. ఎందుకని అడిగితే దేవుడనీ చెప్పలేదు, కణమనీ చెప్పలేదు. కూతురు పుట్టకముందు రెండు నిలవకుండా పోయాయి. నిలవనివాటి కోసం అంతలా ఏడ్చిన మనిషికి, నిలిచినదాన్ని తీసేయడమనే మాట గొంతు దిగదు. అంతే, అంతకు మించి కారణం లేదు. తనవైపు ఉన్నవాళ్లే ఇంత విసిగిస్తుంటే అవతలివైపువాళ్లు ఎలా ఉంటారో దేవుడికే తెలియాలి అనుకుంటుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం కూతురు వచ్చింది. చంకలో ఏడాదిన్నర పిల్లవాడు, కొంగు పట్టుకుని నాలుగేళ్ల పిల్ల. మంచం మీద కూలబడి మంచినీళ్లు అడిగింది. నీళ్లు తాగిన తీరు చూసే తల్లికి అర్థమైంది.

"మళ్లీనా?" అంది తాళాలమ్మ.

"మళ్లీనే."

"ఎన్నో నెల?"

"మూడు దాటింది. ఇవాళ డాక్టరమ్మకు చూపించుకున్నా. రెండోవాడు ఏడో నెలకే వచ్చేశాడు కదా, గర్భసంచి మూతి వదులుగా ఉందట. ఉంచుకుంటే కుట్టు వేస్తానంది. కుట్టు వేశాక కాన్పు దాకా మంచం మీదే ఉండాలట. మెట్లెక్కకూడదు, బరువెత్తకూడదు, వీణ్ని చంకనెత్తుకోకూడదు. అలా ఉండలేనంటే వచ్చే సోమవారం లోపల చెప్పమంది. ఆ తర్వాతైతే నీకే ప్రమాదం అంది."

"నీకేమనుందే?"

కూతురు తన గాజులు లాగుతున్న పిల్లవాడి చేతులు విడిపించింది. "ఉంచుకోవాలనే ఉందమ్మా" అంది చివరికి. "కానీ మూడో అంతస్తులో, కింద నుంచి నీళ్లు మోసుకుంటూ, ఈ ఇద్దర్నీ పెట్టుకుని నేను మంచం ఎలా పడతాను? ఆయన లారీ ఎక్కితే పదిహేను రోజులకు గానీ మొహం కనపడదు. లారీ దిగితే మాకు గడవదు. అత్తగారా, లేదు."

"ఇక్కడికొచ్చెయ్. ఈ మంచం మీద పడుకో. కాన్పు దాకా నేను చూసుకుంటా, పిల్లల్ని కూడా."

"మీ కమిటీవాళ్లు ఊరుకుంటారా?"

మందిరానికి ఒక నియమం ఉంది. వెనకగదిలో కాపలామనిషి తప్ప ఇంకెవరూ రాత్రి ఉండకూడదు. భర్త బతికున్న రోజుల్లో ఆయన తమ్ముడి కుటుంబం చుట్టపుచూపుగా వచ్చి ఏడాది తిష్ఠ వేసింది. వేదిక మీద ఉపన్యాసం సాగుతుంటే వెనకనుంచి పిల్లల ఏడుపులూ, ఆ తమ్ముడి గురకా వినపడేవి. అప్పుడు పెట్టిన నియమం అది.

"వాళ్లా?" అంది తాళాలమ్మ. "ఏళ్ల తరబడి కడుపులో బిడ్డల కోసం గొంతు చించుకునేవాళ్లు కాదంటారటే? అడగడమే ఆలస్యం."

"నువ్వలాగే అంటావు. రెండోవాడు పుట్టినప్పుడు లూప్ వేయించుకుంటానంటే వద్దన్నదీ నువ్వేగా. ఒంటికి మంచిది కాదట, పైగా పాపమట అన్నావు. ఎవరన్నారే అంటే గోడ చూపించావు."

తాళాలమ్మకు చురుక్కుమంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు. కూతురితో ఏం వాదిస్తుంది? ఆ గోడ చూపించింది నిజమే. దీవెనలాయన పాపమన్నారు, మాస్టారు ఒంటికి చేటన్నారు, రెండూ కలిపి ఆవిడ కూతురి నెత్తిన పెట్టింది.

"బుధవారం కమిటీ ఉంది. ఆ రోజు తేల్చేస్తా" అంది.

బుధవారం సాయంత్రం కమిటీ కూర్చుంది. కబురు వినిపోదామని కూతురు కూడా పిల్లల్ని తీసుకుని వచ్చి వెనకగదిలో కూర్చుంది. తాళాలమ్మ టీ గ్లాసులు పట్టుకుని హాల్లో గోడకు ఆనుకుని నిలబడింది. ఆవిడ సంగతి చివర్లో పెడతానని చూద్దాంగారు మాటిచ్చారు. ముందు పెద్ద విషయం తేలాలి. వచ్చే ఆదివారం రెండు సంఘాలూ కలిసి ఉమ్మడిసభ పెడుతున్నాయి, పాతికేళ్లలో మొదటిసారి. గర్భం తీయించుకోవడానికీ, ఆ మందులకీ వ్యతిరేకంగా ఒకే వేదిక.

వేదికైతే ఒకటే గానీ, బ్యానరు ఏ వైపు కనపడాలన్న దగ్గర గంట గడిచింది. వరం పైకి రావాలని వీళ్లు, హక్కు పైకి రావాలని వాళ్లు. హాలు మధ్యలో అడ్డంగా కట్టి ఎవరివైపు వాళ్లు కూర్చుంటే సరి అన్నాడొకాయన. అలా కడితే వేదిక సగంమందికి కనపడదు అన్నాడు ఇంకొకాయన. కనపడకపోయినా వినపడుతుంది కదా అన్నారు చూద్దాంగారు. చివరికి బ్యానరే వద్దు, ఉత్త తెల్లగుడ్డ కడదామన్నారు. ఆ తర్వాత సభ ప్రార్థనతో మొదలుపెట్టాలా వద్దా అని ఇంకో గంట. రెండు నిమిషాలు మౌనం పాటిద్దామనుకున్నారు. ఆ మౌనంలో వీళ్లు లోపల ప్రార్థన చేసుకుంటారేమోనని వాళ్లకు అనుమానం. చేసుకుంటే మీకేం పోయిందని వీళ్లు. ఈ మనుషులా బిడ్డల్ని కాపాడేది అనుకుంటూ తాళాలమ్మ మూడోసారి టీ పోసింది.

"నా గది సంగతండీ" అంది అందరూ లేవబోతుంటే.

"ఆ, అదొకటుంది కదూ" అన్నారు చూద్దాంగారు చెప్పులు వెతుక్కుంటూ.

తాళాలమ్మ చెప్పింది. కూతురి సంగతి, కుట్టు సంగతి, సోమవారం గడువు, అన్నీ. దీవెనలాయన అక్కడినుంచే చెయ్యెత్తి దీవించారు. ఆధారం మాస్టారు బాగా ఆలోచించాల్సిన విషయమే అన్నారు. ఎవరో "పిల్లలు ఏడిస్తే సభల్లో మాట వినపడదు, ఇదివరకు పడ్డాం కదా" అన్నారు. ఇంకెవరో ఆ తమ్ముడి గురక గుర్తుచేశారు. అందరూ నవ్వారు.

"ముందు ఆదివారం గండం గట్టెక్కనీ తాళాలమ్మా" అన్నారు చూద్దాంగారు. "సభ అయ్యాక చూద్దాం."

"సోమవారం పొద్దున చెప్పెయ్యాలండీ."

"ఆదివారం తర్వాతే కదమ్మా సోమవారం. చూద్దాం."

గదిలోకి వచ్చేసరికి కూతురు పిల్లవాణ్ని భుజాన వేసుకుని బయల్దేరుతోంది. మొహం చిన్నబోయి ఉంది. ఏమన్నారని అడగలేదు. తాళాలమ్మే "ఆదివారం తేలుస్తారట, వద్దనలేదుగా" అంది. "సరేలే అమ్మా" అని వెళ్లిపోయింది.

తాళాలమ్మ ఊరుకునే రకం కాదు. కమిటీగా ఉంటే మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్లు గడప దాటవు. విడివిడిగా పట్టుకుంటే మనుషులు కాస్త మెత్తబడతారు. శుక్రవారం దీవెనలాయన ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, భూతద్దం పెట్టుకుని మనవరాలి పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం చదువుతున్నారు.

"కూర్చో తల్లీ. ఈ క్రోమోజోములు మొత్తం నలభై ఆరా, ఇరవై మూడా? రెండూ రాశాడు."

"నాకేం తెలుసు పెద్దయ్యగారూ. నా గది సంగతి..."

"నేను వద్దంటానా? నాకు మనస్ఫూర్తిగా ఇష్టమే. కానీ నేను సరేనంటే, భక్తమండలివాళ్లు గది ఆక్రమించారని మాస్టారు గొడవ చేస్తారు. ఉమ్మడిసభ ముందు ఎందుకు? ఆయన చేత ముందు సరే అనిపించు." అని నెత్తిన చెయ్యి పెట్టారు. దీవెనతో కడుపు నిండేదైతే తాళాలమ్మ ఈపాటికి ఏనుగంత అయ్యేది.

శనివారం మాస్టారి ఇంటికి వెళ్లింది. ఆయన బల్ల మీద మతగ్రంథం తెరిచి ఉంది. పెన్సిలుతో గీతలు పెట్టుకుంటున్నారు. ఆవిణ్ని చూడగానే దాని మీద పేపరు కప్పేశారు.

"నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం లేదమ్మా" అన్నారు. "కానీ నియమం నియమమే. మీకొక్కరికి సడలిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. ఏ ఆధారంతో కాదంటాం? అయినా దీవెనలాయన ప్రతిపాదిస్తే నేను కాదనను."

"ఆయన మిమ్మల్ని ముందనమన్నారండీ."

"చూశారా, అదీ వాళ్ల పద్ధతి. బాధ్యత ఎప్పుడూ పైవాడి మీదో పక్కవాడి మీదో."

దారి పొడుగునా తాళాలమ్మ తిట్టుకుంటూనే వచ్చింది. అందరూ శాకాహారులేగానీ రొయ్యల బుట్ట మాయం. ఎవరూ వద్దనడం లేదు, పని మాత్రం అవడం లేదు. ఆయన పుస్తకం ఈయన దగ్గర, ఈయన పుస్తకం ఆయన దగ్గర ఎందుకున్నాయో ఆవిడకు అర్థమైంది. మనవాళ్లు ఎలాగూ మనమాటే వింటారు, అవతలివాళ్లను ఒప్పించాలంటే వాళ్ల భాషలోనే చెప్పాలని చెరొకరూ బుద్ధిగా తయారవుతున్నారు. ఆ సంగతి ఒకరిది ఒకరికి చెబుదామా అనుకుంది. నన్నెవరైనా అడిగారా, నాకెందుకు అనుకుని ఊరుకుంది.

ఆదివారం పొద్దున్నే కూతురు ఆటోలో పిల్లలతో దిగింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఒంట్లో బాలేదమ్మా, కాసేపు పడుకుంటా" అని మంచం ఎక్కి గోడవైపు తిరిగింది. వేవిళ్లు కాబోలనుకుంది తాళాలమ్మ. దుప్పటి కప్పి, పిల్లలకు పాలూ రొట్టే పెట్టి, గుమ్మంలో బొమ్మలిచ్చి కూర్చోబెట్టింది.

"ఇవాళ తేల్చేస్తానే. ఏదేమైనా సరే" అంది.

"ఆ గొడవేం వద్దమ్మా" అంది కూతురు అటు తిరిగే.

"నువ్వు నోర్మూసుకుని పడుకో" అని తాళాలమ్మ సభ పనిలో పడింది.

హాలు నిండిపోయింది. వెనక ఉత్త తెల్లగుడ్డ. రెండు నిమిషాల మౌనంలో ఎవరి పెదాలు కదులుతున్నాయోనని హేతువాద సంఘంవాళ్లు కళ్లు తెరిచి చూస్తూనే ఉన్నారు. తర్వాత దీవెనలాయన లేచి, కళ్లజోడు సర్దుకుని, దేవుడి పేరైనా ఎత్తకుండా నేరుగా కణంలోకి దిగారు. ఇరవై మూడూ ఇరవై మూడూ నలభై ఆరు, గుండె ఎప్పుడు కొట్టుకుంటుంది, వేళ్లు ఎప్పుడు వస్తాయి, ఒకటే గుక్కలో. క్రోమోజోములని మూడుసార్లు అని, నాలుగోసారికి నాలుక మడతపడి నీళ్లడిగారు. భక్తులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "పైవాడి మాట ఒక్కటైనా చెప్పండి" అని ముందువరస ముసలమ్మ అడిగింది. "ఈ విషయానికి పైవాడి సాక్ష్యం అక్కర్లేదమ్మా" అనేశారు దీవెనలాయన ఊపులో. హాలంతా భగ్గుమంది.

ఆ మంట ఆరకముందే మాస్టారు లేచారు. గొంతు సవరించుకుని, మాతృగర్భంలో ఉండగానే నిన్ను ఎరిగినవాడు పైనున్నాడు అని మొదలుపెట్టారు. సృష్టికర్త చిత్తమన్నారు, వరమన్నారు, అతిథి అన్నారు. అవతలివాళ్లకు నచ్చుతుందని చేతులు కూడా జోడించారు. ఆయన శిష్యుడొకడు, బట్టతల వచ్చినవాడే, లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆధారమేది?"

ఇహ చూసుకోండి. మీరు మావాణ్ని చెడగొట్టారంటే మీరు మావాణ్ని చెడగొట్టారని రెండువైపులా లేచారు. దేవుడి సాక్ష్యం అక్కర్లేదంటాడా అని వీళ్లు, దణ్ణం పెడతాడా అని వాళ్లు. వేదిక మీద పెద్దమనుషులిద్దరూ, నేను మీకోసమే అంత కష్టపడితే మీవాళ్లు ఇలా అంటారా అని ఒకరినొకరు నిలదీసుకుంటున్నారు. చూద్దాంగారు మైకులో "శాంతించండి, చూద్దాం" అంటున్నారు.

తాళాలమ్మ గోడ దగ్గరకు నడిచి మెయిన్ స్విచ్చి ఆపేసింది. మైకుతోపాటు ఫ్యాన్లూ ఆగిపోయాయి. ఉక్కకు మాటలు తగ్గాయి. ఆవిడ వేదిక ముందుకు వచ్చి నిలబడింది.

"ఎవరి కారణం గొప్పదో తర్వాత తీరిగ్గా తేల్చుకోండి. పాతికేళ్లుగా మీ ఇద్దరి మాటా వింటున్నా, ఇద్దరి మాటా నిజమే అనుకున్నా. నా కూతురికీ అదే చెప్పా. దానికిప్పుడు ఒక మంచం కావాలి. మెట్లు లేని చోట, కాన్పు దాకా. ఆ మంచం ఈ గోడ వెనకుంది. దేవుడి పేరు మీద ఇస్తారో, సైన్సు పేరు మీద ఇస్తారో నాకక్కర్లేదు. రేపు పొద్దున్నే అది డాక్టరమ్మకు చెప్పాలి. ఇస్తారా ఇవ్వరా?"

ముందువరస ముసలమ్మ "ఇచ్చి చావండి" అంది. దీవెనలాయన చెయ్యెత్తారు, ఈసారి దీవించడానికి కాదు. మాస్టారు ఎత్తారు. ఒకరొకరే హాలంతా చేతులు లేచాయి. పాతికేళ్లలో ఆ మందిరంలో అందరూ కలిసి ఒప్పుకున్న మొదటి తీర్మానం అదే. చూద్దాంగారు నుదుటి చెమట తుడుచుకుని "అలాగే చేద్దాం" అన్నారు. ఆయన నోట ఆ మాట విన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తాళాలమ్మకు ఒక్కసారిగా కన్నీళ్లు వచ్చాయి. మెయిన్ వేసి, కొంగుతో మొహం తుడుచుకుంటూ గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్లింది.

"విన్నావా? అందరూ ఒప్పుకున్నారు. అందరూనే."

కూతురు ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గోడ ఒంటి ఇటుకది, దానికి అన్నీ వినపడ్డాయి.

"నిన్ననే అయిపోయిందమ్మా" అంది.

తాళాలమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. మంచం పట్టె మీద కూర్చుంది.

"సోమవారం దాకా ఉందిగా" అంది. "ఒక్క మాట నాతో అనలేదేమే?"

"అంటే ఆగమంటావు. బుధవారం ఇక్కడే కూర్చుని విన్నా. వాళ్లు నవ్వింది కూడా విన్నా. వీళ్లను నమ్ముకుని నేను ఆర్నెల్లు మంచం మీద పడుకోలేననిపించింది. రేపొకడు పిల్లలు ఏడుస్తున్నారని లేవమంటే, కుట్టుతో ఎక్కడికి పోతాను? ఆయనకు ఫోన్ చేసి చెప్పా. నీకెలా మంచిదైతే అలా చెయ్యమన్నాడు. పక్కింటామె పిల్లల్ని చూసింది."

తాళాలమ్మ కూతురి కాలు పట్టుకుని కూర్చుంది. ఆ బిడ్డ ఆవిడకు కావాలి. ఎవరు చెప్పారని కాదు, కావాలి, అంతే. ఇప్పుడు ఆ మాట ఎవరితో చెప్పుకున్నా ఒకటే.

"నాకూ కావాలనే ఉండిందమ్మా" అంది కూతురు. "నాకు ఉపన్యాసం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది." దుప్పటి మొహం మీదికి లాక్కుంది. తాళాలమ్మ దుప్పటి మీదనుంచే నిమురుతూ ఉండిపోయింది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది.

గుమ్మంలో అలికిడైంది. దీవెనలాయనా, మాస్టారూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. వాళ్లిద్దరూ అలా ఒకే గుమ్మంలో నిలబడడం ఎవరూ చూసి ఎరగరు. మొహాలు వెలిగిపోతున్నాయి.

"కాన్పు దాకానే కాదమ్మా, కాన్పయ్యాక కూడా, ఏడాది ఉండనీ" అన్నారు దీవెనలాయన.

"తీర్మానంలో అలాగే రాయించాం" అన్నారు మాస్టారు. "ఇక ఎవరూ కాదనడానికి లేదు."

తాళాలమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది.

"ఏడాది అక్కర్లేదండీ. ఈ రెండు రోజులు పడుకోనివ్వండి, చాలు. నిన్ననే తీయించుకుని వచ్చింది."

ఇద్దరూ ఒకేసారి ఏదో అనబోయారు.

"గట్టిగా మాట్లాడకండి. దానికి ఇప్పుడే నిద్రపట్టింది" అని తాళాలమ్మ తలుపు వేసేసింది.